ఎనిమిది డాలర్లు, ఎర్ర తివాచీ

మా అత్తగారు హైదరాబాద్ నుంచి న్యూయార్క్ వస్తున్నారు. విమానం మూడు గంటలు లేటు. కెన్నెడీ ఎయిర్‌పోర్టులో అంతసేపు ఎక్కడ కూర్చోవాలా అని చూస్తుంటే, మా ఆవిడ మేనమామ "టీడబ్ల్యూఏ బిల్డింగుకి పోదాం పదండి, అందులో అడుగుపెట్టి యాభై ఏళ్ళు దాటింది" అన్నారు. అది 1962లో టీడబ్ల్యూఏ అనే విమానాల కంపెనీ టెర్మినల్‌గా తెరిచిన భవనం. 2001లో మూతపడి, 2019లో హోటల్‌గా మళ్ళీ తలుపులు తెరిచింది. ఆయనకి డెబ్బై తొమ్మిదేళ్ళు, రిటైరైన డాక్టరు. మా ఆవిడ ఉద్యోగం ఎయిర్‌పోర్టు టెర్మినళ్ళ ప్లానింగు. ఇద్దరినీ అక్కడ ఎదురెదురుగా కూర్చోబెడితే ఏమవుతుందో నాకు ముందే తెలుసు. ఈ వాదనలో నేను మా ఆవిడ వైపే. అయితే మావయ్యగారి మాటల్లో నాకు జవాబు తోచనివి ఉన్నాయి, వాటిని తగ్గించి రాయలేదు.

మావయ్య: అమ్మాయ్, ఒకసారి తలెత్తి చూడు. నాలుగు కాంక్రీటు రెక్కలు, నాలుగు కాళ్ళు, అంతే. మధ్యలో ఒక్క స్తంభం లేదు. రెక్కకీ రెక్కకీ మధ్య సందులోంచి వెలుతురు ఎలా పడుతోందో చూడు. నాలుగూ కలిసేచోట ఆ గడియారం. దీన్ని గీసిన ఈరో సారినెన్ ఇది పూర్తయ్యాక చూడనే లేదు, 1961లోనే పోయాడు పాపం. ఇలాంటిది ఇప్పుడు ఎవరు కడుతున్నారు? మీరు కట్టేవన్నీ గోడౌన్లు. పైన రేకు, కింద షాపులు.

మేనకోడలు: బాగుంది కాబట్టే ఇది హోటలైంది మావయ్యా. ఎయిర్‌పోర్టుగా పనికొచ్చి ఉంటే ఎయిర్‌పోర్టుగానే ఉండేది.

మావయ్య: ఎందుకు పనికిరాలేదు?

మేనకోడలు: ఎనిమిదేళ్ళకే పాతబడింది. దీన్ని గీసింది 1950లలో, జనం ఇంకా ఫ్యాన్ల విమానాల్లో తిరుగుతున్న రోజుల్లో. 1970లో జంబో జెట్ వచ్చింది. ఒక్క విమానంలోంచి మూడున్నర వందల మంది ఒకేసారి దిగితే ఈ హాలు ఏం చేస్తుంది? పెంచుదామంటే ఎక్కడ పెంచుతారు? అన్నీ వంపులే, ఒక గోడ జరపడానికి లేదు. ఇదే సారినెన్ వాషింగ్టన్ దగ్గర డల్లెస్ ఎయిర్‌పోర్టు కూడా కట్టాడు, అదీ 1962లోనే తెరిచారు. దాన్ని మాత్రం రెండు పక్కలా పొడిగించేలా గీశాడు. 1996లో అదే రూపంలో దాన్ని పెంచారు కూడా. ఇప్పటికీ రోజూ జనం అందులోంచే వెళ్తున్నారు. నాకు సారినెన్ అంటే గౌరవం లేదనుకోకండి. నా ఓటు డల్లెస్‌కి, అంతే.

మావయ్య: డల్లెస్ గొప్పదే. కానీ ఒకటి చూడు. పాన్ యామ్ అనే ఇంకో విమానాల కంపెనీ వాళ్ళ టెర్మినల్, వర్ల్డ్‌పోర్ట్, ఇక్కడే ఉండేది, గొడుగులాంటి గుండ్రటి కప్పుతో. 2013లో కూలగొట్టేశారు. దీన్ని ఎవరూ ముట్టుకోలేకపోయారు. పనికి రాకపోయినా కూల్చడానికి చేతులు రాని భవనాలు ఎన్ని ఉంటాయి? ఊళ్ళో గుడి అరుగు కూడా ఏ లెక్కలోనూ పనికిరాదు. ఎవరైనా కొట్టేస్తారా?

మేనకోడలు: గుడి అరుగు మీద ఎవరైనా కూర్చోవచ్చు. ఇక్కడ?

మావయ్య: ఇక్కడ నేను కూర్చున్నాను. నేను ఎవరిని? విను, చెబుతాను. ఇంతకు ముందు కూడా చెప్పాను కానీ నువ్వు సరిగ్గా వినలేదు. 1971 జూన్ ఆఖరు. జూలై ఒకటికి సెయింట్ లూయిస్‌లో ఆస్పత్రిలో చేరాలి. బేగంపేటలో ఎక్కి బొంబాయి, అక్కణ్ణుంచి ఎయిర్ ఇండియాలో లండన్ మీదుగా ఇక్కడికి. జేబులో ఎనిమిది డాలర్లు. అప్పుడు రిజర్వ్ బ్యాంకు ఇచ్చిందే అంత. ఒంటి మీద తెనాలిలో కుట్టించిన సూటు, చేతులు పొట్టి. కస్టమ్స్‌వాడు మా అమ్మ కట్టిన కంది పొడి విప్పి వాసన చూసి, ఇదేమిటని మూడుసార్లు అడిగాడు. నేను మూడుసార్లూ 'ఫుడ్' అన్నాను. బయటికి వచ్చేసరికి నా మీద నాకే నమ్మకం పోయింది. ఎందుకొచ్చానురా దేవుడా అనుకుంటూ, సెయింట్ లూయిస్ విమానం కోసం పెట్టె మోసుకుంటూ ఈ తలుపుల్లోంచి లోపలికి వచ్చాను.

ఒక్క అడుగు వేసి ఆగిపోయాను. అంత ఎత్తు, అంత వెలుతురు. ఇదిగో, ఇప్పుడు నువ్వు కూర్చున్న ఈ పల్లంలోనే ఎర్ర సీట్లుండేవి. నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. కౌంటరు దగ్గర అమ్మాయి టికెట్ చూసి, నా పేరు పలకలేక, 'డాక్టర్' అంది. ఈ దేశంలో నన్ను మొదట డాక్టర్ అని పిలిచింది ఆ పిల్లే. ఈ అద్దంలోంచి విమానాలు కనిపించేవి. అటు పక్క ఆ బోర్డు, ఊళ్ళ పేర్లు టపటపమని తిరిగేవి. సెయింట్ లూయిస్ వచ్చింది. ఆ గొట్టంలాంటి దారిలో నడిచాను, ఎర్ర తివాచీ మీద. అది కాస్త పైకి లేచి దిగుతుంది, చివర ఏముందో కనిపించదు. అప్పుడనిపించింది తల్లీ, ఇది నాకోసమే పరిచారని. ఎనిమిది డాలర్లవాడి కోసం. ఆ నడకతో నా భయం సగం పోయింది. భవనం మనిషికి ధైర్యం చెప్పగలదని నేను ఆ రోజే తెలుసుకున్నాను. మీ టెర్మినళ్ళు ఎవరికి ధైర్యం చెబుతున్నాయి?

(చెబుతూ చెబుతూ ఆయన బొటనవేలితో పక్కనున్న అంచుని రుద్దుతున్నారు. చొక్కా గుండీ అంతేసి గుండ్రటి తెల్లటి పలకలు, వేలకొద్దీ. నేల మీద మొదలై మలుపు కనబడకుండా అంచులెక్కి, బెంచీలుగా మారిపోతాయి. నేల ఎక్కడ ఆగిందో, సీటు ఎక్కడ మొదలైందో చెప్పలేం. ఆయన వేలు ఆ మలుపు దగ్గరే ముందుకీ వెనక్కీ తిరుగుతోంది.)

మేనకోడలు: మీ జేబులో ఎనిమిది డాలర్లు, నిజమే. చేతిలో టికెట్ ఎంతది?

మావయ్య: అది అప్పు.

మేనకోడలు: అప్పు ఎందుకిచ్చారు? డాక్టరు కాబట్టి. తీరుస్తారని నమ్మకం కాబట్టి. 1965లో అమెరికా చట్టం మార్చి డాక్టర్లకీ ఇంజనీర్లకీ తలుపు తీసింది కాబట్టి. మీరు పేదవారిలా లోపలికి వచ్చి ఉండొచ్చు మావయ్యా, కానీ పేదవారు ఎవరూ రాలేదు. 1978 దాకా ఇక్కడ విమాన ఛార్జీలు ప్రభుత్వ బోర్డే ఖరారు చేసేది. రేటు తగ్గించి పోటీ పడటానికి లేదు కాబట్టి కంపెనీలు భోజనాల్లో, భవనాల్లో పోటీ పడ్డాయి. మీరు చూసిన తివాచీ అక్కణ్ణుంచే వచ్చింది. అందరూ టికెట్‌లో కట్టిన డబ్బు కింద పరిచారు. కట్టలేనివాడు బస్సెక్కాడు.

ఇంకా ఉంది. ఆ కౌంటరు అమ్మాయి సంగతి వదిలేయండి, విమానంలో అమ్మాయిల సంగతి? పెళ్ళయితే ఉద్యోగం పోయేది. కొన్ని కంపెనీల్లో ముప్ఫై రెండేళ్ళకి, కొన్నిట్లో ముప్ఫై అయిదుకి ఇంటికి పొమ్మనేవారు. రూత్ కెరోల్ టేలర్ అని, అమెరికాలో మొదటి నల్లజాతి ఎయిర్ హోస్టెస్. మొహాక్ అనే చిన్న కంపెనీ ఆవిడని తీసుకుంది, 1958లో మొదటిసారి విమానంలో డ్యూటీ చేసింది. పెళ్ళి చేసుకున్నందుకు నెలల్లోనే పంపేశారు. ఈ భవనం కడుతున్న రోజుల్లో దక్షిణ రాష్ట్రాల ఎయిర్‌పోర్టుల్లో నల్లవాళ్ళకి వేరే వెయిటింగ్ రూములు, వేరే బాత్రూములు ఉండేవి. అదీ జెట్ యుగమే. ఆ కాలం విమానాల ఫొటోల్లో అందరూ సూట్లూ గ్లవ్స్‌తో ఎందుకు అంత బాగున్నారంటే, బాగాలేనివాళ్ళని ఫొటోలోకి రానివ్వలేదు.

మావయ్య: నేను వచ్చాను కదా ఫొటోలోకి. నల్లగానే ఉన్నాను.

మేనకోడలు: మీరొక్కరు వచ్చారు. అమ్మమ్మ ఎప్పుడైనా విమానం ఎక్కిందా?

(ఆయన వెంటనే జవాబు చెప్పలేదు. అమ్మమ్మ ఎక్కలేదు. అది ముగ్గురికీ తెలుసు.)

మావయ్య: సరే, అది ఒప్పుకుంటాను. కానీ నేను అడిగింది నువ్వు వదిలేశావు. అందం టికెట్ రేటుతో వచ్చిందన్నావు. రేటు తగ్గితే అందం ఎందుకు పోవాలి? శంషాబాద్‌లో చూడు. రాత్రి పదకొండింటికి గల్ఫ్ విమానాలకి కరీంనగర్ నుంచి, నిజామాబాద్ నుంచి కుర్రాళ్ళు వస్తారు. మొదటిసారి వెళ్ళేవాళ్ళు. పాస్‌పోర్టు ప్లాస్టిక్ కవర్లో పెట్టి గుండెకి హత్తుకుని ఉంటారు. నాకు ఎంత టెన్షన్ ఉందో వాళ్ళకి దానికి పదింతలు ఉంటుంది. వాడికి కావాలమ్మా ఆ ఎర్ర తివాచీ. నాకంటే వాడికి ఎక్కువ కావాలి. వాడికి మీరేం కట్టారు? తాళ్ళు కట్టిన క్యూ. ఇటు తిరుగు, అటు తిరుగు, బెల్టు తీయి. ఆ తర్వాత సెంటు షాపుల మధ్యలోంచి తప్ప గేటుకి దారి ఉండదు. వాడు కొనలేడని తెలిసీ వాణ్ణి వాటి మధ్యలోంచి నడిపిస్తున్నారు. వచ్చేవాడి తరగతి తగ్గింది కదా అని భవనం మర్యాద తగ్గించారు మీరు. నేను మాట్లాడుతున్నది దాని గురించి.

మేనకోడలు: మర్యాద తగ్గిందన్నది నిజం. కానీ బెల్టు తీయించింది మా ఆర్కిటెక్టులు కాదు. మీరు వచ్చిన ఏడాదే, 1971 జనవరిలో, శ్రీనగర్ నుంచి జమ్మూ వెళ్ళే ఇండియన్ ఎయిర్‌లైన్స్ విమానాన్ని లాహోర్‌కి ఎత్తుకెళ్ళి తగలబెట్టారు. అంతకు ముందు సెప్టెంబరులో ఈ టీడబ్ల్యూఏ విమానమే, ఈ న్యూయార్క్‌కే రావలసినది, జోర్డాన్ ఎడారిలో దించి పేల్చేశారు. 1968 నుంచి 1972 లోపల ఒక్క అమెరికాలోనే నూట ముప్ఫైకి పైగా హైజాక్ ప్రయత్నాలు. ఎవరు పడితే వాళ్ళు గేటు దాకా నడిచి రావడం వల్లే. 1973 జనవరి నుంచి అందరినీ తనిఖీ చేయడం మొదలుపెట్టారు. 'నన్నెవరూ ఏమీ అడగలేదు' అని మురిసిపోతున్నారు కదా, తుపాకీ ఉన్నవాణ్ణి కూడా ఎవరూ ఏమీ అడగలేదు.

మావయ్య: దానికి నేనేం అనను. కానీ సాగనంపడానికి వచ్చినవాళ్ళు కూడా గుమ్మం బయటే ఆగిపోయారు కదా. బేగంపేటలో మా నాన్న రెయిలింగ్ పట్టుకుని నిలబడ్డారు. నేను విమానం మెట్లెక్కి వెనక్కి తిరిగితే తెల్ల పంచె కనిపించింది. చెయ్యి ఊపలేదు. ఆయనకి అలవాటు లేదు. ఊరికే నిలబడ్డారు. నేను ఆయన్ని ఆఖరుసారి చూడటం అదే. ఇప్పుడైతే శంషాబాద్‌లో కారు దిగీ దిగగానే గుమ్మం దగ్గర సీఐఎస్ఎఫ్ వాడు టికెట్ అడుగుతాడు, 'ఇక మీరు వెళ్ళండి' అంటాడు. కన్నవాళ్ళు విమానం తోక కూడా చూడరు.

మేనకోడలు: ఆఖరుసారి ఎందుకైంది మావయ్యా?

మావయ్య: ఏమిటి?

మేనకోడలు: తాతయ్య పోయింది 1974లో. మీరు వచ్చి మూడేళ్ళు. ఎందుకు వెళ్ళలేదు?

మావయ్య: టెలిగ్రాం మూడో రోజుకి వచ్చింది. అప్పటికి అంతా అయిపోయింది.

మేనకోడలు: టెలిగ్రాంకి ముందు ఉత్తరం వచ్చింది. తాతయ్య నెల రోజులు మంచంలో ఉన్నారు. అమ్మే రాసింది ఉత్తరం, 'అన్నయ్యా, నాన్న నిన్ను అడుగుతున్నారు' అని.

మావయ్య: మీ అమ్మ అలా రాయలేదు. 'నాన్నకి ఒంట్లో బాగాలేదు, కంగారు పడకు' అని రాసింది. ఆ ఉత్తరం నా దగ్గరుంది.

మేనకోడలు: కంగారు పడకు అంటే రావద్దనా?

మావయ్య: రావద్దనే! నేను పంపే డబ్బుతో మీ అమ్మ పెళ్ళి కుదిరింది ఆ ఏడే. కట్నం సగం ఇచ్చాం, సగం ఇవ్వాలి. నేను టికెట్ కొనుక్కుని దిగితే ఆ సగం ఎక్కణ్ణుంచి వస్తుంది? రానూ పోనూ నా రెండు నెలల జీతం పైమాటే. నేను లెక్క వేయలేదనుకున్నావా? కాగితం మీద వేశాను. మూడు రాత్రులు వేశాను. మీ అమ్మని అడుగు, పెళ్ళికి కూడా నేను లేను. ఎందుకు లేనో అప్పుడు ఒక్కళ్ళూ అడగలేదు. డబ్బు అందిందని మాత్రం రాశారు.

మేనకోడలు: అమ్మ ఇప్పటికీ అంటుంది, 'ఆ డబ్బు మానేసి అన్నయ్య వచ్చి ఉంటే బాగుండేది' అని.

మావయ్య: ఇప్పుడంటుంది.

(కాసేపు ఎవరూ మాట్లాడలేదు. నేను లేచి రెండు సోడాలు తెచ్చాను. మా ఆవిడ ఈ మాట గెలవడానికి ఎత్తలేదని నాకు తెలుసు. కానీ ఆ పాత కాగితం మీది లెక్క బయటికి వచ్చాక వాదనలో నా పక్షం మరి మారలేదు. టికెట్‌కి రెండు నెలల జీతం పోసిన ఇలాంటివాళ్ళ జేబుల్లోంచే ఆ తివాచీ వచ్చిందని ఆ లెక్కలోనే ఉంది.)

మేనకోడలు: తప్పుగా అడిగాను. క్షమించండి.

మావయ్య: నువ్వు అడగకపోతే ఎవరడుగుతారు. నాకు కోపం ఎందుకు వచ్చిందో నాకు తెలుసు. ఇక్కడ కూర్చుంటే ఇరవై అయిదేళ్ళ కుర్రాణ్ణి గుర్తొస్తాడు నాకు. వాడికి ఇంకా నాన్న ఉన్నాడు. అందుకే ఇది బాగుంటుంది. సరే, అది నా గోల. నీ వృత్తి గురించి మాత్రం ఒక్కటి అడుగుతాను, దానికి జవాబు చెప్పు. పోయినసారి మీ అమ్మ వచ్చినప్పుడు మధ్యలో ఒక ఎయిర్‌పోర్టులో విమానం మారింది. వీల్‌చైర్‌లో తీసుకెళ్ళి ఒక గోడ పక్కన వరసలో పెట్టి వెళ్ళిపోయారు. రెండు గంటలు. ఎదురుగా సెంటు షాపు. బాత్రూముకి తీసుకెళ్ళమని ఎవర్ని అడగాలో తెలీక, ఇంగ్లీషు రాక, నోరు మూసుకు కూర్చుంది. మంచినీళ్ళు కూడా తాగలేదు, మళ్ళీ బాత్రూం అవసరం వస్తుందని. డెబ్బై దాటిన మనిషి. మా అమ్మ విమానం ఎక్కలేదన్నావు, నిజమే. నీ అమ్మ ఎక్కింది. ఎక్కి ఏం చూసింది? గోడ.

మేనకోడలు: అమ్మ నాకు చెప్పలేదు ఆ సంగతి.

మావయ్య: నీకు చెప్పదు. నువ్వే కదా టికెట్ కొన్నది.

మేనకోడలు: (కాసేపు ఆగి) ఇండియా నుంచి వచ్చే పెద్ద విమానాల్లో వీల్‌చైర్ అడిగేవాళ్ళు డజన్లకొద్దీ ఉంటారు. నడవలేక కొందరు, భాష రాక, దారి తెలీక ఇంకా ఎక్కువమంది. మాకు తెలుసు. కానీ మేం గీసేటప్పుడు వీల్‌చైర్ అంటే వెడల్పు, ర్యాంపు, లిఫ్ట్ అంతే. అందులో కూర్చున్న మనిషి ఎటు చూస్తుంది, పక్కన ఎవరుంటారు అని ఏ మీటింగులోనూ ఎవరూ అడగరు. గంటకి ఎంతమంది, ఒక్కొక్కరికి ఎన్ని చదరపు మీటర్లు, ఎన్ని నిమిషాలు. ఆ లెక్కలు తప్పు కావు మావయ్యా. అవి లేకపోతే పండగ రోజుల్లో జనం ఊపిరాడక పడిపోతారు. కానీ గోడ వైపు తిప్పి పెట్టిన కుర్చీ కూడా ఆ లెక్కల్లో సరిపోయినట్టే వస్తుంది. అది మాత్రం తప్పు. దానికి నా దగ్గర జవాబు లేదు.

మావయ్య: సారినెన్‌కి ఉంది. నేను కూర్చున్నచోట నా ముందు అద్దం పెట్టాడు, దాని అవతల విమానం పెట్టాడు.

మేనకోడలు: ఆయన గీసినట్టుగా అయితే అమ్మ వీల్‌చైర్ ఈ పల్లంలోకి దిగదు. చుట్టూ మెట్లే.

(ఆయన ఆ మెట్ల వైపు చూశారు. దిగేటప్పుడు తన చెయ్యి నా భుజం మీద వేసుకునే దిగారు.)

మావయ్య: అవునమ్మా. దిగదు.

మేనకోడలు: ఆ అద్దం కావాలి, మెట్లు లేకుండా కావాలి, అమ్మ కొనగలిగే టికెట్‌లో కావాలి. ఈ మూడూ కలిపి కట్టమని నన్ను అడగండి, తిట్టండి, పడతాను. ఆ రోజులు మళ్ళీ రావాలని మాత్రం అనకండి. ఆ రోజుల్లో అమ్మ మిమ్మల్ని చూడటానికి వచ్చేది కాదు.

(ఫోన్ మోగింది. విమానం దిగింది. నాలుగో టెర్మినల్. మేం లేచాం.)

మావయ్య: మీ అమ్మ టికెట్ ఎంతైంది?

మేనకోడలు: ఎందుకు ఇప్పుడు?

మావయ్య: రేటు వద్దులే. నీ జీతంలో ఎంత?

మేనకోడలు: వారం జీతం కూడా కాదు.

మావయ్య: (మెట్ల దగ్గర నా చెయ్యి అందుకుంటూ) వారం కూడా కాదు. సరే, పదండి పదండి. ఇక్కడ రెయిలింగ్ ఉంటుంది కదా బయటికి వచ్చే చోట? చెల్లి బయటికి వచ్చేసరికి నేను ముందు వరసలో ఉండాలి.